1348లో ఆ ముక్కు ముసుగు లేదు

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. మానవాళిని వణికించిన వ్యాధుల మీద తలా ఒక చార్టు తయారుచేసి తీసుకురావాలని బడిలో చెప్పారట. వాడి వంతుకు 14వ శతాబ్దం నడుమ ఐరోపాలో చెలరేగిన మధ్యయుగాల ప్లేగు వచ్చింది. ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి చార్టు సగం పూర్తయింది. నడిమధ్యలో పెద్ద బొమ్మ. పాదాల దాకా నల్లటి అంగీ, తల మీద టోపీ, కొంగ ముక్కులాంటి పొడవాటి ముక్కున్న ముసుగు, చేతిలో కర్ర. దాని కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘1348లో ప్లేగు వైద్యుడు’ అని రాశాడు.

“ఈ బొమ్మ తీసెయ్యాలిరా. 1348లో ఈ ముసుగు లేదు,” అన్నాను.

“మరి ఏ బొమ్మ అంటించాలి మామయ్యా?” అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. తప్పు పట్టడం తేలిక. ఆ చోటు ఖాళీ అయ్యాక అందులో ఏం పెట్టాలో చెప్పాలంటే, అప్పటి మనుషుల గురించి నాకేం తెలుసో నేను కూడా ఒకసారి వెతుక్కోవలసి వచ్చింది. వారం రోజులు ఆ పని మీదే ఉన్నాను.

ముందు ముసుగు సంగతి. అది 17వ శతాబ్దానిది. ఫ్రెంచి రాజులకు వైద్యం చేసిన షార్ల్ ద లోర్మ్ 1619 ప్రాంతంలో దాన్ని రూపొందించాడని చెబుతారు. మనకు ఎక్కడ చూసినా కనిపించే బొమ్మ 1656లో రోమ్ నగరంలో ప్లేగు ఉన్నప్పుడు జర్మనీలో పౌల్ ఫ్యూర్స్ట్ అనే ఆయన అచ్చువేసి అమ్మిన చిత్రం. 1348కీ దానికీ మధ్య మూడు వందల ఏళ్ళు దాటిన దూరం ఉంది. ఓరుగల్లు 1323లో పడిపోయింది. ఆ తర్వాత పాతికేళ్ళ నాటి కథ చెబుతూ, పాత్రలన్నిటికీ గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా కాలపు దుస్తులు తొడిగితే మనం ఊరుకుంటామా? ఐరోపా విషయంలో మాత్రం ఊరుకుంటున్నాం.

మా బావ పక్కనే కూర్చుని ఇదంతా విన్నాడు. “ముసుగు ఏ శతాబ్దానిదైతే ఏమిటి, అప్పటివాళ్ళకు ఏమీ తెలియదన్నది నిజమే కదా. పిల్లవాడికి కావలసింది ఆ సంగతే,” అన్నాడు. నిజానికి నా పేచీ ముసుగుతో కాదు, ఈ మాటతోనే. మధ్యయుగాల ప్లేగు గురించి ప్రచారంలో ఉన్న పొరపాట్లలో చాలావాటిని గట్టిగా పట్టి చూస్తే, అడుగున ఇదొక్కటే కనిపిస్తుంది: వాళ్ళు మూఢులు, అందుకే చచ్చిపోయారు.

ముసుగు తీస్తే కనిపించే ముఖం

1348లో, ఇప్పటి ఫ్రాన్సులోని ఆవిన్యోఁ నగరంలో పోప్ ఆరవ క్లెమెంట్ దగ్గర గీ ద షోలియాక్ అనే వైద్యుడు ఉండేవాడు. తాను చూసింది ఆయన తరువాత రాసిపెట్టాడు. మొదటి రెండు నెలలూ జ్వరంతో రక్తం ఉమ్ముతూ మూడు రోజుల్లో పోయేవారట. ఆ తర్వాత వచ్చిన రోగులకు చంకల్లో, గజ్జల్లో గడ్డలు లేచేవి. వాళ్ళు అయిదు రోజుల్లో పోయేవారు. ఒకే జబ్బు రెండు రూపాల్లో నడుస్తోందని ఆయన గమనించాడు. ఇవాళ వైద్యవిద్యార్థులు ఊపిరితిత్తుల ప్లేగు అనీ గడ్డల ప్లేగు అనీ చదువుకునే తేడా సరిగ్గా ఇదే. సూక్ష్మదర్శిని లేదు. సూక్ష్మజీవి అనే ఊహే లేదు. మంచం పక్కన కూర్చుని, చూసి, రోజులు లెక్కపెట్టి చెప్పాడు.

అదే మనిషి తన వృత్తి గురించి రాసిన మాటలు మరింత కటువుగా ఉంటాయి. వైద్యులు భయపడి రోగుల దగ్గరకు పోలేదు, పోయినవాళ్ళూ చేయగలిగింది ఏమీ లేకపోయింది, వైద్యులకు అదొక సిగ్గుచేటు కాలమంటాడు. తనకూ భయమేనని, పారిపోతే అపకీర్తి వస్తుందనే ఉండిపోయానని ఒప్పుకుంటాడు. చివరకు తనకే జబ్బు వచ్చింది. ఆరు వారాలు మంచం పట్టి బతికాడు. ఈ మనిషి నాకు అర్థమవుతాడు. భయం ఉంది, గమనిక ఉంది, సిగ్గు ఉంది. ఆ కొంగముక్కు తొడిగిన క్షణాన ఇవన్నీ పోయి ఒక దయ్యం మిగులుతుంది.

ఇక్కడ మా బావ వైపు న్యాయం కూడా చెప్పాలి. అదే 1348లో పారిస్ విశ్వవిద్యాలయ వైద్యపండితులు రాజు అడిగితే నివేదిక రాశారు. 1345 మార్చిలో కుంభరాశిలో శని, గురుడు, కుజుడు కలవడం వల్ల గాలి చెడిపోయిందన్నారు. ఇవాళ చదివితే నవ్వు రావచ్చు. నాకు రాలేదు. గ్రహాలకూ భూమి మీద గాలినీళ్ళకూ సంబంధం ఉందన్నది ఆనాటి చదువులో ఒక భాగం. ఆ చదువుతోనే వాళ్ళు కారణం కోసం వెతికారు. ఆ కారణం తప్పు. అసలు సూక్ష్మజీవిని అలెగ్జాండర్ యెర్సిన్ హాంకాంగ్‌లో పట్టుకున్నది 1894లో. అంటే ఐదున్నర శతాబ్దాల పాటు ఎవరికీ తెలియని సంగతి అది. తెలియకపోవడం వేరు, మూఢత్వం వేరు.

చూసి నేర్చుకున్నవాళ్ళు

పారిస్ పండితులు గ్రహాలు లెక్కపెట్టడానికి కొన్ని నెలల ముందే, 1348 మేలో, ఇటలీలో పిస్తోయా అనే చిన్న నగరం కట్టుబాట్లు రాసుకుంది. జబ్బు ఉన్న పీసా, లూకా నగరాలకు పోకూడదు, అక్కడివాళ్ళు రాకూడదు. వాడిన నారబట్టలు, ఉన్నిబట్టలు ఊళ్ళోకి తేకూడదు. శవాన్ని మూత బిగించిన చెక్కపెట్టెలో పెట్టాలి. పరామర్శకు గుంపులుగా చేరకూడదు. రోగులు బెదరకుండా చావుగంటలు మోగించకూడదు. ప్లేగును మోసే ఫ్లీలు, అంటే రక్తం పీల్చే చిన్న గెంతుడు పురుగులు, బట్టల్లో దాగుతాయని వాళ్ళకు తెలియదు. చెడుగాలి బట్టల్లో నిలుస్తుందనుకున్నారు. కారణం తప్పే అయినా ఆపవలసినవాటిలో ఒకదాన్ని ఆపారు.

ఇప్పటి స్పెయిన్‌లో అప్పటి ముస్లిం రాజ్యమైన గ్రనడాలో ఇబ్న్ అల్ ఖతీబ్ ఇంకా ముందుకు పోయాడు. ఆయన మంత్రి, కవి, వైద్యం తెలిసినవాడు. అంటువ్యాధి అనేది లేదని మతసంప్రదాయంలో ఉన్న మాటను ఎదురుగా పెట్టుకుని, జబ్బు అంటుకుంటుందన్నది అనుభవంతో రుజువైందని రాశాడు. రోగి దగ్గర మసలినవాళ్ళకు వస్తోంది, దూరంగా ఉన్నవాళ్ళకు రావడం లేదు. జబ్బు ఉన్న ఊరి నుంచి ఓడ వస్తే ఆ రేవులో మొదలవుతోంది. బట్టల వల్ల, పాత్రల వల్ల, చెవిపోగుల వల్ల కూడా పాకుతోంది. మతవాక్యం కళ్ళెదుటి సంగతికి అడ్డు వచ్చినప్పుడు ఆ వాక్యానికి మరో అర్థం చెప్పుకోవాలన్నాడు. 14వ శతాబ్దంలో ఈ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి.

ఇక రగూసా, ఇవాళ్టి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ రేవు నగరం. జబ్బు ఉన్న చోటి నుంచి వచ్చినవాళ్ళు ఒక దీవిలోనో, పక్కనున్న సవ్తాత్ పట్టణంలోనో ముప్ఫై రోజులు గడిపాకే నగరంలో అడుగుపెట్టాలని 1377లో శాసనం చేసింది. తరువాత ఆ ముప్ఫై నలభై అయింది. వెనిస్ వాళ్ళ భాషలో నలభైని చెప్పే మాట నుంచే క్వారంటైన్ పుట్టింది. 2020లో మన పల్లెల్లో ముసలివాళ్ళు సైతం పలికిన మాట ఇదే. మధ్యయుగం మనకు ఇచ్చిన వస్తువుల్లో మనం నిజంగా వాడుకున్నది ఇదే, కొంగముక్కు కాదు.

పిల్లుల కథ దగ్గర ఎక్కువసేపు ఆగను. పోప్ పిల్లులను చంపించాడని, అందువల్ల ఎలుకలు పెరిగి ప్లేగు వచ్చిందని ప్రతి ఏడూ ఎవరో ఒకరు నాకు ఫోనులో పంపుతారు. తొమ్మిదవ గ్రెగరీ 1233లో రాసిన లేఖలో జర్మనీలోని ఒక రహస్య పూజలో నల్లపిల్లి ఉంటుందన్న వర్ణన ఉంది. పిల్లులను చంపమన్న ఆజ్ఞ అందులో లేదు. పైగా ప్లేగు వచ్చింది ఆ తర్వాత నూట పద్నాలుగేళ్ళకు.

ఎలుకల సంగతి మాత్రం వేరు. ఇక్కడ నాకే స్థిరమైన అభిప్రాయం లేదు. మా అవ్వ వాళ్ళది అనంతపురం వైపు పల్లె. వాళ్ళమ్మ చెప్పిన ప్లేగు కాలపు మాటలు ఆమె మాకు చెప్పేది. ఇంట్లో ఎలుక దానంతటది చచ్చి పడితే ఇక ఆలోచన లేదట. పొయ్యి ఆర్పి, గింజలూ గిన్నెలూ మూటగట్టుకుని, ఊరి బయట చేలల్లో గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉండేవారట. ఎలుకల మీది ఫ్లీ ద్వారా ప్లేగు పాకుతుందని పాల్ లూయీ సిమోన్ కరాచీలో 1898లో చూపించాడు. వైద్యలోకం ఆ మాట నమ్మడానికి ఏళ్ళు పట్టింది. మా అవ్వ వాళ్ళమ్మకు ఆయన పేరు తెలిసే అవకాశమే లేదు. రాలిన ఎలుకను చూసి ఇల్లు వదిలింది, అంతే.

మరి 1348 ఐరోపాలో అలా ఎలుకలు రాలిన వర్ణనలు ఎందుకు దాదాపు కనిపించవు? అంత వివరంగా రాసుకున్నవాళ్ళు ఇంత పెద్ద సంగతిని వదిలేస్తారా? ఈ ప్రశ్న పట్టుకునే, జబ్బు మనిషి మీద బతికే ఫ్లీల ద్వారా, పేల ద్వారా కూడా పాకి ఉండవచ్చని కొందరు పరిశోధకులు వాదిస్తున్నారు. లండన్‌లోని ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ శ్మశానంలోని అస్థికల నుంచి తీసిన డీఎన్ఏతో 2011లో సూక్ష్మజీవి మాత్రం అదేనని తేలింది. ఎలా పాకిందన్న వాదన సాగుతూనే ఉంది. కాబట్టి మా వాడి చార్టులో ‘ఎలుకల వల్లనే’ అన్న చోట ‘నే’ కొట్టేయించాను.

ఆ శ్మశానం గురించి మరొక మాట. శవాలను చెత్తలా గోతుల్లో పారేశారనే దృశ్యం మన మనసుల్లో గట్టిగా పాతుకుపోయింది. ఫ్లోరెన్స్‌లో కందకాలు తవ్వి వరుస మీద వరుస పేర్చారన్నది నిజమే. ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్‌లో కూడా కందకాలున్నాయి. అయితే తవ్వి చూస్తే, శవాలను పక్కపక్కనే పద్ధతిగా పడుకోబెట్టారు. కొందరికి పెట్టెలు కూడా ఉన్నాయి. పూడ్చేవాడికి రేపు తన వంతేనని తెలుసు. అయినా చేతులతో సర్ది పడుకోబెట్టాడు.

తెలియక చేసింది కాదు

ఇంతవరకూ నేను వాళ్ళను సమర్థిస్తున్నట్టే ఉంది. అసలు నన్ను కలవరపెట్టింది దీని రెండో వైపు.

యూదులు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు 1348లో లేచింది. ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ ప్రాంతంలో కొందరు యూదులను చిత్రహింసలు పెట్టి ఒప్పుకోలు వాంగ్మూలాలు రాబట్టారు. వాటి నకళ్ళు నగరం నుంచి నగరానికి తిరిగాయి. మనం దీన్ని కూడా అదే సంచిలో వేస్తాం: పాపం, అజ్ఞానం, రోగం ఎలా వస్తుందో తెలియక భయంతో చేశారు.

ఇవాళ ఫ్రాన్సులో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఏం జరిగిందో చూడండి. 1348 సెప్టెంబరులోనే పోప్ ఆరవ క్లెమెంట్ ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. యూదులూ ఇదే జబ్బుతో పోతున్నారు, యూదులు ఎన్నడూ లేని చోట్ల కూడా ఇదే జబ్బు ఉంది, కాబట్టి ఈ ఆరోపణలో నిజం ఉండే వీలు లేదన్నాడు. ఇంతకంటే సూటి తర్కం ఇవాళ మనమూ చెప్పలేం. స్ట్రాస్‌బర్గ్ నగరపాలకులు కూడా యూదులను అప్పగించడానికి ఒప్పుకోలేదు. 1349 ఫిబ్రవరిలో వృత్తిసంఘాలవాళ్ళు ఆ పాలకులను దించేశారు. 14వ తేదీ శనివారం, యూదులకు పవిత్రమైన రోజు. వాళ్ళ శ్మశానంలోనే కొయ్యవేదిక కట్టి వాళ్ళను సజీవంగా కాల్చారు. రెండు వేల మంది అని పాత చరిత్రల్లో ఉంది. అంతకంటే తక్కువ ఉండవచ్చని ఇప్పటివాళ్ళు అంటారు. మతం మారడానికి ఒప్పుకున్నవాళ్ళను వదిలేశారు.

అప్పటికి స్ట్రాస్‌బర్గ్‌కు ప్లేగు రాలేదు. వేసవిలో వచ్చింది.

యూదుల దగ్గరున్న అప్పు పత్రాలు, తాకట్టు వస్తువులు బాకీదార్లకు తిరిగి చేరాయి. ఉన్న నగదు పంచుకున్నారు. ఆ నగర చరిత్ర రాసిన మనిషే తేల్చి చెప్పాడు: వాళ్ళను చంపిన విషం డబ్బు, వాళ్ళు పేదవాళ్ళయి ఉంటే, ప్రభువులు వాళ్ళకు బాకీ పడి ఉండకపోతే, కాల్చేవారు కాదు.

ఇందులో అజ్ఞానం ఎక్కడుంది? వాదన వినిపించారు, విన్నారు, కాదనుకున్నారు. ఏ లాభం కోసం కాదనుకున్నారో చూసినవాడు రాసిపెట్టాడు. ‘మధ్యయుగపు మూఢత్వం’ అనే ఒక్క మాట మంచం పక్కన కూర్చుని గమనించిన వైద్యుడినీ కించపరుస్తుంది, కట్టెలు పేర్చినవాడినీ వదిలేస్తుంది. ఆ మాట మీద నా కోపం ఇందుకే.

అన్నిచోట్లా ఇలాగే జరిగి ఉంటే తప్పించుకోలేని కాలమని సరిపెట్టుకోవచ్చు. అలా జరగలేదు. అదే 1348లో యాత్రికుడు ఇబ్న్ బతూతా డమాస్కస్‌లో ఉన్నాడు. ఆ ఊరివాళ్ళు మూడు రోజులు ఉపవాసం ఉన్నారు. ఆ పైన ముస్లిములు ఖురాను, యూదులు తోరా, క్రైస్తవులు సువార్త పట్టుకుని ఒకే ఊరేగింపుగా, ఆడా మగా, పిల్లా పెద్దా, ఊరి బయటి మసీదు దాకా నడిచారని రాశాడు. జబ్బు గురించి స్ట్రాస్‌బర్గ్ వాళ్ళకు తెలిసినదానికంటే డమాస్కస్ వాళ్ళకు ఎక్కువ తెలుసా? తెలియదు. ప్రార్థనతో ప్లేగు ఆగదు, ఆగలేదు కూడా. ఆ గుంపులో కొందరికి జబ్బు అంటుకుని ఉంటుందని ఇప్పుడు మనకు అనిపిస్తుంది. అయినా రెండు ఊళ్ళనూ ఒకే అజ్ఞానం కింద కట్టలేను.

ఒక అభ్యంతరం నాకు నేనే చెప్పుకున్నాను. భయం తక్కువదా? వీపు మీద కొరడాలతో కొట్టుకుంటూ ఊరూరా తిరిగిన భక్తుల గుంపులున్నాయి. ఆ గుంపులు వచ్చినచోట యూదుల మీద దాడులూ జరిగాయి. అక్కడ లాభం కంటే ఉన్మాదమే ఎక్కువ. అది కాదనను. ఐరోపా జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయిన ఏళ్ళవి. సియెనాలో ఆన్యోలో ది తూరా అనే ఆయన తన అయిదుగురు పిల్లలను తన చేతులతో పూడ్చిపెట్టానని రాశాడు. అంత దుఃఖంలో మనిషి బుద్ధి నిలకడగా ఉండాలని నేను కోరడం లేదు. స్ట్రాస్‌బర్గ్‌లో ఆ దుఃఖం ఇంకా మొదలు కాలేదన్నదే నా మాట.

2020లో మా అపార్ట్‌మెంటులో రెండో అంతస్తులో ఒక నర్సు అద్దెకు ఉండేది. ఏప్రిల్‌లో ఆమెను ఖాళీ చేయమన్నారు. అడిగినవాళ్ళంతా డిగ్రీలు చదివినవాళ్ళే. వైరస్ ఎలా పాకుతుందో, మాస్కు ఎలా కట్టుకోవాలో రోజూ ఫోనుల్లో ఒకరికొకరు పంపుకునేవారు. ఆసుపత్రిలో ఆమె పూర్తి రక్షణ దుస్తుల్లో పనిచేస్తుందని కూడా వాళ్ళకు తెలుసు. ఆమె రెండు సూట్‌కేసులు, ఒక ఫ్యాను ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. కిందికి దిగి మాట్లాడలేదు. నాకు తెలియక మాట్లాడలేదా? కాదు.

మూడు బొమ్మలు

మా వాడు మంగళవారం ఫోను చేసి వేరే బొమ్మ దొరికిందన్నాడు. ముఖం నిండా ఎర్రటి మచ్చలున్న మతగురువులు, వాళ్ళను ఆశీర్వదిస్తున్న బిషప్పు. “ఇది నిజంగా ఆ కాలందే మామయ్యా, 14వ శతాబ్దం అని ఉంది,” అన్నాడు సంబరంగా. కాలం సరైనదే. లండన్‌లో జేమ్స్ ల పామర్ అనే ఆయన కూర్చిన విజ్ఞానసర్వస్వంలోది ఆ చిత్రం. ప్లేగు వ్యాసాలతో పాటు వందల చోట్ల కనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఆ మతగురువులకు ఉన్నది కుష్ఠు. ఒంటినిండా ఎర్రమచ్చలు ప్లేగు లక్షణం కాదని గీ ద షోలియాక్ మాటలు చూపించి చెప్పాను. వాడికి నీరసం వచ్చింది. నాకు జాలేసింది.

శనివారం ఇద్దరం కలిసి వెతికాం. ఇప్పటి బెల్జియంలోని టూర్నే అనే ఊళ్ళో జిల్ లి మ్యూజి అనే క్రైస్తవ మఠాధిపతి ఉండేవాడు. ప్లేగు నాటికి వయసు డెబ్బై దాటింది, చూపు పోయింది. చెబుతూ ఉంటే ఇతరులు రాసుకున్నారు. 1351లో శుక్లాల శస్త్రచికిత్స జరిగి ఆయనకు చూపు తిరిగి వచ్చింది. ఆయన చరిత్ర రాతప్రతిలో అప్పటి చిత్రకారుడు వేసిన బొమ్మలున్నాయి. ఒకదానిలో టూర్నే జనం తమవాళ్ళను పూడుస్తున్నారు. కొందరు గోతులు తవ్వుతున్నారు, కొందరు శవపేటికలను భుజాన మోసుకొస్తున్నారు. ముసుగులు లేవు. చుట్టూ మామూలు మనుషుల ముఖాలు, కిక్కిరిసి.

“ఇదే అంటిద్దాం,” అన్నాను. వాడు అప్పటికే అదే రాతప్రతిలోని మరో బొమ్మ తెరిచి చూస్తున్నాడు. మంటల మధ్య యూదులు. పక్కన ఒకడు మోపు ఎత్తుకొచ్చి మంటలో వేయబోతున్నాడు.

“రెండూ ఒకే పుస్తకంలోవా మామయ్యా?”

“ఒకే పుస్తకంలోవే.”

వాడు స్కేలు తీసి, కొంగముక్కు బొమ్మ చింపిన చోటును మధ్యకు రెండు గళ్ళుగా కొలవడం మొదలుపెట్టాడు.